వేన్నీళ్లు బయట పొయ్యి

సంగటి గిన్నె పేలడం మీరెప్పుడైనా చూసినారా? కుక్కర్ కాదు సార్. కుక్కర్ పేలితే అందులో వింతేముంది! మామూలు సంగటి గిన్నె. విజిల్ లేదు, రబ్బరు లేదు, ఏమీ లేదు. మొన్న ఆదివారం మా ఇంట్లో అది పేలింది. దానికి కారణం ఎవరయ్యా అంటే, పిల్లకాయలకు ఉష్ణం పాఠం చెప్పి జీతం తీసుకునే నేనే! నవ్వండి, నవ్వండి. ముందు ఆ టీ గ్లాసు ఇట్లివ్వండి. ఒక గుక్క తాగి మొదట్నుంచీ చెప్తా.

ముందు మీకు మా మామ సంగతి తెలియాల. మామ అంటే మా ఆవిడ లలిత వాళ్ల నాయన. పులివెందుల పక్కన పల్లె, చీనీ తోట, అదే బత్తాయి తోట, తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల మీసం. మంచి మనిషి. కోపం లేదు, తాగుడు లేదు, ఒకరి జోలికి పోడు. ఒకే ఒక్క పిచ్చి, వేడి సంగటి. వేడి అంటే మీరూ నేనూ అనుకునే వేడి కాదు. ముద్ద విరిస్తే లోపల్నుంచి పొగ రావాల. ఆ ముద్దను మొగం దగ్గరికి తెచ్చుకుంటాడు. పొగ తగిలి కళ్లద్దాలు మసకబారాల. మసకబారితేనే తింటాడు. అద్దాలు తేటగా ఉన్నాయంటే ఆ ఇంటికి మార్కులు లేవు. నేను పేపర్లు కూడా అంత కఠినంగా దిద్దను సార్.

పోయినేడు జమ్మలమడుగులో పెద్దల్లుని ఇంటికి పోయినాడు. పెద్దల్లుడంటే నా తోడల్లుడు. పాపం, మర్యాద చేద్దామని ఏసీ వేసిన గదిలో కూర్చోబెట్టి వడ్డించినారు. ఏసీ గాలి నేరుగా పళ్లెం మీదికి! మామ ముద్ద విరిచినాడు. పొగ రాలేదు. మొగం దగ్గరికి తెచ్చుకున్నాడు. అద్దాలు తళతళా మెరుస్తున్నాయి. ముద్ద పళ్లెంలో పెట్టేసినాడు. చెయ్యి కడుక్కొని, మజ్జిగ తాగి, లేచినాడు.

అంతే! ఆ రోజు నుంచి మా బంధువుల్లో ఏది చల్లగా ఉన్నా దాని పేరు 'జమ్మలమడుగు సంగటి'. కాఫీ చల్లారితే జమ్మలమడుగు సంగటి. వియ్యాలవాళ్లు సరిగ్గా పలకరించకపోతే జమ్మలమడుగు సంగటి. మా వదిన, అంటే లలిత వాళ్లక్క, పెళ్లిళ్లకు వచ్చినా వంటల దిక్కు తలెత్తి చూడదు. నేను కూడా ఆ మాట వాడి శానాసార్లు నవ్వినా. ఆ ఉసురు తగిలిందేమో.

ఇప్పుడు మా వంతు. మేం ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నాం కదా. గృహప్రవేశం రోజు తోటలో బోరు మోటరు కాలిపోయి మామ రాలేకపోయినాడు. మొన్న ఆదివారం మా కొత్త ఇంట్లో మొదటిసారి భోజనానికి వస్తానని కబురు పెట్టినాడు. లలిత శనివారం నుంచే మనిషి మనిషిగా లేదు.

"ఇదిగో, చెప్తాండా వినండి," అనింది. "గేటు మీద మీరు లలితా నిలయం అని రాపించినారు. అది పేరు కాదు. మా నాయన పెట్టేది పేరు. ఆయన తినకుండా చెయ్యి కడిగినాడంటే ఈ ఇంటి పేరు ప్రొద్దుటూరు సంగటి. నేను చచ్చేదాకా అదే పేరు. మా అక్క ముందర నా మొగం యాడ పెట్టుకోవాల?"

నేను నవ్వినా. నవ్వకూడదు సార్ అట్లాంటప్పుడు. నిజంగా దానికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆదివారం పొద్దున్నే పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించి మా అమ్మ నాటుకోడి కూరకు కూర్చుంది. మా అమ్మకు చెవులు బాగానే వినపడతాయి. కాకపోతే సగం విని, మిగతా సగం తనే పూర్తి చేసుకుంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

మామ బస్సులో నుంచి ఫోను చేసినాడు. "అమ్మా, ముద్దనూరు దాటినాం. సంగటి పెట్నావా?"

"ఎసరు పెడ్తాండా నాయనా."

"నేనొచ్చే పాటికి పొగలు కక్కాల."

"కక్కుతాది నాయనా."

లలిత లెక్క వేసుకొని ఎసరు పెట్టింది. బియ్యం మెత్తగా ఉడికినాక రాగి పిండి పోసి, మగ్గనిచ్చి, కాళ్ల మధ్య గిన్నె పెట్టుకొని తెడ్డుతో కెలికింది చూడండీ... ఒక ఉండ లేదు, ఒక పొడి లేదు. సత్తు గిన్నె నిండా నల్లగా, నున్నగా, పొగలు కక్కుతూ సంగటి. సత్తు గిన్నె అంటే తెలుసు కదా, అల్యూమినియంది. వాళ్ల పుట్టింటి నుంచి వచ్చిందే. సరిగ్గా ఆ టైముకు మళ్లీ ఫోను.

"అమ్మా, ఎర్రగుంట్ల కాడ నిలబడిపోయినాం. సిమెంటు లారీ ఒగటి రోడ్డుకు అడ్డం పండుకోనుండాది. ముందు బస్సులు, ఎనక బస్సులు. ఎప్పుడు కదుల్తామో ఏమో."

లలిత మొగం చూడాల మీరు. తెడ్డు చేతిలోనే ఉంది. "అయిపాయ," అనింది. "గండి ఆంజనేయస్వామీ, మా నాయన అద్దాలు మసకబారితే వచ్చే శనివారం నీ కాడికొచ్చి టెంకాయ కొడతా."

హాట్‌ప్యాక్‌లో పెట్టొచ్చు కదా సార్ అంటారేమో. పెట్టకూడదు. మామ వాసన పట్టేస్తాడు. 'డబ్బాలో పెట్టింది సంగటి కాదమ్మా, టిఫిను' అంటాడు. గ్యాసు మీద సిమ్‌లో పెడితే అడుగంటుతుంది. మామ వచ్చినాక కొత్తగా చేద్దామంటే, మనిషిని ఆకలితో కూర్చోబెట్టి ఎసరు పెట్టడం ఇంకా అవమానం. ఇవన్నీ లలితే చెప్పి, గోడకు ఆనుకొని నిలబడింది.

ఇదిగో, ఇక్కడ సార్. ఇక్కడ నేను నోరు మూసుకొని పేపరు చదువుకుంటూ ఉండింటే ఈ కథే లేదు. ఉంటానా! లేచి వంటింట్లోకి పోయినా.

"లలితా, వేడి యాడికి పోతుంది?" అని అడిగినా, క్లాసులో అడిగినట్టు.

"యాడికి పోతాదో మీకే తెలియాల. మా నాయన వచ్చే లోపల అయితే పోతాది."

"వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకు పోతుంది. రెండూ ఒకే వేడిగా ఉంటే యాడికీ పోదు. దాన్ని ఉష్ణ సమతాస్థితి అంటారు. సంగటి మీద సంగటంత వేడిగా ఉండేది ఒకటి పెట్టినామనుకో, సంగటి చల్లారమన్నా చల్లారదు."

"సంగటంత ఏడిగా ఉండేది మన ఇంట్లో ఏముండాది? మీ అమ్మా?"

పెరట్లో నుంచి వెంటనే మా అమ్మ గొంతు. "ఏంది, నన్ను పిలిచినావా?"

"ల్యాదత్తా, కూర సంగతి అడుగుతాండా!"

నేను మాత్రం మంచి ఊపులో ఉన్నా. ఒక స్టీలు గిన్నె తీసుకున్నా. అడుగు చిన్నది, అంచు వెడల్పు. దాని నిండా సళసళ కాగే నీళ్లు పోసి, తీసుకొచ్చి సంగటి గిన్నె మూతిలో దింపినా. మూత అవసరమే లేదు. నీళ్ల గిన్నే మూత, మూతే హీటరు! అది మెల్లగా దిగి, అంచు దగ్గర టక్కుమని కూర్చుంది సార్. కొలత తీసి చేయించినట్టు! ఆ చప్పుడు విని నాకెంత ఆనందమైందో. మొత్తానికి పాత దుప్పటి ఒకటి చుట్టి, చేతులు దులుపుకొని, "పోయి చీర మార్చుకో పో" అన్నా. లలిత నన్ను చూసిన చూపులో, పెళ్లైన ఇన్నేండ్లలో మొదటిసారి, సైన్సు మీద కొంచెం గౌరవం కనపడింది.

ఆ లారీ ఎంతసేపు పండుకుందో ఆ లారీకే తెలియాల. మా అమ్మ కూర దించి, మూత పెట్టి, పొయ్యి మాత్రం ఆర్పకుండా స్నానానికి నీళ్లు కాచుకుందామని కట్టెలు ఎగదోసింది. మేం గడియారం చూడడం, రోడ్డు చూడడం. ఆఖరికి ఫోను మోగింది. "అమ్మా, బస్టాండులో దిగినా. ఆటో ఎక్కుతాండా."

దుప్పటి తీసినా. గిన్నె ముట్టుకున్నా. గోరువెచ్చగా ఉంది. పైన నీళ్లలో వేలు పెట్టినా. గోరువెచ్చన. అంటే లోపల సంగటి కూడా అంతంతమాత్రమే. మూడూ కలిసి ఒకే వేడికి వచ్చినాయి. పుస్తకంలో రాసినట్టు సమతాస్థితి వచ్చింది సార్, రాక పోలేదు! కాకపోతే నేననుకున్న చోట రాలేదు, జమ్మలమడుగులో వచ్చింది.

"ఏం కాదులే," అన్నా. "నీళ్ల గిన్నె తీసేసి, గ్యాసు మీద పెట్టి, నాలుగు నీళ్లు చిలకరించి గబగబా కెలుకు. వేడెక్కుతుంది." అని నీళ్ల గిన్నె పట్టుకొని లాగినా.

సంగటి గిన్నె కూడా దాంతో పాటు లేచింది.

లలిత కింది గిన్నె గట్టిగా పట్టుకుంది. నేను పై గిన్నె లాగినా. లలితే నా మీదికి వచ్చింది గానీ గిన్నె రాలేదు. తిప్పి చూసినా. తట్టి చూసినా. అంచు చుట్టూ నూనె పూసినా. నూనె వల్ల ఏమైందంటే, నా చేతులు మాత్రం జారడం మొదలుపెట్టినాయి.

అప్పుడు నా బుర్రకు వెలిగింది. వేడి మీద ఉన్నప్పుడు సత్తు గిన్నె మూతి సాగి ఉంది కాబట్టి స్టీలు గిన్నె హాయిగా దిగింది. చల్లారేటప్పుడు స్టీలు కొంచెమే ముడుచుకుంటుంది, సత్తు ఎక్కువ ముడుచుకుంటుంది. మూతి బిగుసుకుపోయింది. అది చాలదన్నట్టు లోపలి ఆవిరి నీళ్లయి, గాలి తగ్గి, గిన్నెను లోపలికి పీల్చుకుంది. ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠం సార్! బొమ్మలో సంగటి లేదు, అంతే.

నేను ఇదంతా లలితకు వివరించబోయినా.

"పాఠం కాదు, గిన్నె తీయండి!" అనింది పళ్లు బిగించి. "సంగటి సల్లగుండాదని అనిపించుకుంటే అనిపించుకుంటి. మా నాయనొచ్చి కూచుంటే సంగటి గిన్నెలో ఉండాది గానీ గిన్నె రాలేదని చెప్పల్నా? ఇంగ జమ్మలమడుగు పేరు పోయి, యావత్తు జిల్లాకు మా పేరే!"

దానికి ఏడుపొస్తోంది. నాకు నిజంగా బాధేసింది సార్. నవ్వు కాదు, బాధ. పొద్దున్నుంచి ఆ తెడ్డు తిప్పి తిప్పి దాని చేతులు ఎర్రగా అయిపోయినాయి. అంత కష్టం మీద నేను పోయి గిన్నెడు నీళ్లు పెట్టి సీలు వేసినా.

"భయపడొద్దు," అన్నా. "సైన్సుతో వచ్చిన చిక్కు సైన్సుతోనే పోతుంది. లోపలి గిన్నె ముడుచుకోవాల, బయటి గిన్నె సాగాల. అంతే. లోపల చన్నీళ్లు, బయట వేన్నీళ్లు."

పై గిన్నెలోని గోరువెచ్చటి నీళ్లు వంచేసి ఫ్రిజ్జులోని చన్నీళ్లు పోసినా. లలిత గ్యాసు మీద గిన్నెడు నీళ్లు మరగబెట్టింది. నేను జంట గిన్నెలను సింకులో వాలకుండా రెండు చేతులతో పట్టుకున్నా. అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడు. గేటు కిర్రుమనింది. లలిత మసిగుడ్డతో కాగే నీళ్ల గిన్నె పట్టుకొని నా వెనక నిలబడింది.

"నాయనొచ్చినాడు! యాడ పొయ్యల్ల? చెప్పండి తొందరగా, చెయ్యి కాల్తాంది!"

"బయట పొయ్యి! వేన్నీళ్లు బయట పొయ్యి!" అని అరిచినా.

లలిత రెండడుగులు వేసి, వెనక తలుపు దగ్గరికి పోయి, కాగే నీళ్లన్నీ పెరట్లోకి పోసి వచ్చింది.

"ఏం చేసినావే?"

"బయట పొయ్యమంటిరి కదా!"

"ఆ బయట కాదే! లోపల కాదు, బయట! బయటా!" అని గొంతు చించుకొని అరిచినా. గిన్నెకు లోపల కాదు, గిన్నెకు బయట అని నా ఉద్దేశం. కానీ 'గిన్నె' అనే మాట గొంతులోనే ఉండిపోయింది.

అరిచి తల తిప్పితే, హాలు అవతల, సింహద్వారం గడపలో మా మామ. కుడికాలు గడప లోపల పెట్టినాడు, ఎడమకాలు ఇంకా బయటే ఉంది. చేతిలో చీనీకాయల సంచి. కొత్త ఇంట్లో మొదటి అడుగు. అల్లుని స్వాగతం, 'లోపల కాదు, బయట!'

మామ కుడికాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఏం చేయాల చెప్పండి? గిన్నెలు సింకులో వదిలేసి పరిగెత్తినా.

"రాండి మామా, రాండి! మిమ్మల్ని కాదు మామా అనింది."

"మల్లెవర్ని?"

"నీళ్లను."

మామ నన్ను కింది నుంచి పై దాకా చూసినాడు. నా చేతుల నిండా నూనె, చొక్కా నిండా నీళ్లు. "నీళ్లతో మాట్లాడ్తాండావా అల్లుడా?" అని శానా నెమ్మదిగా అడిగినాడు. రోగిని అడిగినట్టు.

"లేదు మామా, లలితకు చెప్తున్నా. గిన్నెకు బయట పొయ్యాల అని..."

"సర్లేప్పా. బయట అంటివి, బయట్నే కూచుంటా. గాలన్నా వస్తాది." అని ఇంటి పక్క సందులో నుంచి తిరిగి పెరట్లోకి పోయినాడు. నేను ఆయన వెనకే 'మామా, మామా' అనుకుంటూ పోయినా. కొత్త ఇంటి గడప దాటకుండా పెద్దమనిషి పెరటిదారిన పోతుంటే నా పానం పోయింది సార్.

మేమిద్దరం ఇట్లా సందులో ఉండగా, వంటింట్లో ఏం జరిగిందో చెప్తా వినండి. నేను అరిచిన 'బయట పొయ్యి' మా అమ్మ చెవిన పడింది. చెప్పినా కదా, సగం విని సగం తను పూర్తి చేసుకుంటుందని. నేను పొయ్యి అనింది, పోయడం. ఆమె విన్న పొయ్యి, కట్టెల పొయ్యి! ఆమె వంటింట్లోకి వచ్చి, "బయట పొయ్యి మీద పెట్టాలని ఇంతసేపూ అరిస్తే ఒక్కరూ పెట్టరేంది? ఆడ పొయ్యి ఊరికే మండుతాండాది" అని సింకులోని జంట గిన్నెలను ఎత్తుకుపోయి మంట మీద పెట్టేసింది. లలిత వాళ్ల నాయన కోసం వీధి వాకిట్లోకి పరిగెత్తింది కాబట్టి అడ్డం చెప్పేవాళ్లు లేరు.

సందులో కొళాయి కాడ చేతుల నూనె కడుక్కొని నేను పెరట్లోకి వచ్చేసరికి మామ పొయ్యికి ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. మా అమ్మ కట్టెలు ఎగదోస్తూ కుశలం అడుగుతోంది. "చీనీ బాగుందా అన్నా ఈసారి?" "యాడ బాగు వదినా, రేటు ల్యా." పొయ్యి మీద జంట గిన్నెలు.

చూసినా. లోపల చన్నీళ్లు, బయట మంట. అచ్చంగా నేను చెప్పిన సూత్రమే! అమలు మాత్రం మా అమ్మది. కానీ సూత్రంలో నేను చెప్పంది ఒకటుంది. మూతి బిగుసుకుపోయిన గిన్నె కింద మంట పెడితే, లోపల పుట్టే ఆవిరి యాడికి పోవాల?

"అమ్మా! దించు! దాన్ని దించేయ్!"

"ఉండ్రా, ఇప్పుడిప్పుడే ఏడెక్కుతాండాది."

"మామా, మీరు లేయండి, ఇట్ల రాండి!"

"మల్లా ఏందప్పా? లోపల వద్దంటివి, ఇప్పుడు ఈడా వద్దంటావా?" మామకు ఈసారి నిజంగానే కోపం వచ్చింది. మీసం కదిలింది. "ఇంగ యాడికి పోమంటావు, పులివెందులకా?"

గిన్నె 'టిక్' అనింది. మళ్లీ 'టిక్ టిక్' అనింది. నేను మసిగుడ్డ కోసం చేయి చాపినా...

'ఢబ్!'

స్టీలు గిన్నె గాల్లోకి లేచింది సార్. దండెం మీద ఆరేసిన నా లుంగీ దాకా లేచింది! ఫ్రిజ్జు నీళ్లు మొత్తం పొయ్యిలోకి! 'సుయ్' మని మంట ఆరిపోయి, పెరడంతా బూడిద! ఒక్క నిమిషం ఎవరికెవరూ కనపడలేదు. దబ్బుమని గిన్నె కింద పడిన చప్పుడు, దాని వెనకే లలిత అరుపు.

బూడిద మెల్లగా దిగింది. ఎవరికీ ఏం కాలేదు, ఆ మాట ముందే చెప్తున్నా. కోడి మూత పెట్టి ఉండబట్టి బతికిపోయింది. కూర సంగతి చెప్తున్నా, కోడి సంగతి కాదు. మా అమ్మ నోట్లోకి బూడిద పోయి దగ్గుతోంది. మామ... కుర్చీలో కదలకుండా అట్లనే కూర్చున్నాడు. పంచె బూడిద, చొక్కా బూడిద, మీసం బూడిద. కళ్లద్దాలు రెండూ మూసుకుపోయినాయి. పొద్దున తెల్లగా బయలుదేరిన మనిషి!

లలిత వెనక తలుపు పట్టుకొని నిలబడింది. దాని మొగం చూస్తే, ఇంటి పేరు ప్రొద్దుటూరు సంగటి అని మనసులో అప్పుడే రాసేసుకుంది.

మామ మెల్లగా అద్దాలు తీసినాడు. తువ్వాలతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. పొయ్యి దిక్కు చూసినాడు. పొయ్యి ఆరింది గానీ సంగటి గిన్నె చెక్కుచెదరకుండా కూర్చొని ఉంది. దాని మూతిలో నుంచి పొగ. కొంచెం కాదు సార్, పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం మాదిరి!

"అమ్మా లలితా," అన్నాడు. "పళ్లెం తే."

ఆ బూడిద మొగంతోనే, అక్కడే, ఆ కుర్చీలోనే. మొగం కడుక్కోమంటే వినలేదు. 'ఏడి పోతాది' అన్నాడు. లలిత ముద్ద చేసి వేసింది, పక్కన మా అమ్మ కూర పోసింది. మామ ముద్ద విరిచినాడు. బుస్సుమని పొగ. మొగం దగ్గరికి తెచ్చుకున్నాడు. అద్దాలు రెండూ తెల్లగా మూసుకుపోయినాయి.

లలిత ఊపిరి బిగబట్టింది. మామ అద్దాల వెనక నుంచి ఏమీ కనపడకుండానే, కూరలో అద్దుకొని నోట్లో పెట్టుకున్నాడు.

పెట్టుకొని, అట్లనే ఆగినాడు. నమలలేదు. మింగలేదు. నోరు తెరిచి 'హా... హా...' అన్నాడు. కళ్లలో నుంచి నీళ్లు బూడిద మీదుగా రెండు కాలువలు పారినాయి. నాలుక కాలింది సార్! డెబ్బై ఏండ్ల నుంచి ఊరూరా సంగటి వేడి చాలలేదని వంకలు పెట్టిన మనిషికి, మా ఇంట్లో నాలుక కాలింది!

లలిత మజ్జిగ చెంబు అందించింది. ఒక్క గుక్కలో తాగినాడు. గాలి పీల్చుకున్నాడు. పళ్లెంలో ముద్దను చూసినాడు. అప్పుడు ఆయన నోటి నుంచి ఒక మాట వచ్చింది. మా బంధువుల్లో పుట్టిన వాళ్లెవరూ విననిది.

"కొంచెం... సల్లారనీమ్మా."

చెప్తే నమ్మరు, లలిత అప్పుడు ఏడ్చేసింది. నవ్వుతూ ఏడ్చింది. మా మామ విసనకర్ర అడిగి తెప్పించుకొని, తన సంగటికి తనే విసురుకున్నాడు. విసురుకుంటూ, ఊదుకుంటూ, కూర కలుపుకుంటూ తృప్తిగా తిన్నాడు. గిన్నె అడుగున మాడిన చెక్క కూడా గీకించుకొని తిన్నాడు. తింటూ తింటూ మా అమ్మతో, "వదినా, నువ్వు పొయ్యి మీద పెట్టకపోతే ఈ పొద్దు నేను పస్తే!" అన్నాడు. "మా అల్లుడు దాన్ని ఆడ సింకులో పెట్టుకోని నీళ్లతో మాట్లాడ్తాండె."

"సదువు ఎక్కువైంది అన్నా," అనింది మా అమ్మ. కన్నతల్లి సార్!

లలిత ఫోను తీసుకొని అక్కడే జమ్మలమడుగుకు చేసింది. "అక్కా, నాయనకు నాలుక కాలింది!" అని అంత సంతోషంగా చెప్పిన కూతురు ఇంకొకరు ఉండరు. అవతల మా వదిన కూడా ఒకటే నవ్వు. మా వాళ్లలో ఎవరూ ఇంక ఆ జమ్మలమడుగు మాట ఎత్తలేరు కదా. ఎత్తితే, 'నాయనే చల్లారనీమన్నాడంట కదా' అని ఒక్క మాట చాలు. లలిత ఈ శనివారం గండికి పోతుంది. టెంకాయ ఆంజనేయస్వామికి. చీర మా అమ్మకు. నాకు, ఆ సొట్ట పడిన స్టీలు గిన్నె. 'మీ ల్యాబులో పెట్టుకోండి' అనింది.

సాయంత్రం మామ మొగం కడుక్కొని, నా పంచె కట్టుకొని బయలుదేరినాడు. ఈసారి ముందు వాకిలి నుంచే, కుడికాలు ఎడమకాలు రెండూ మా గడప మీద పెట్టి. గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి, "పొయ్యొస్తా అల్లుడా" అన్నాడు. రెండడుగులు వేసి ఆగినాడు. ఏదో అనుమానం వచ్చినట్టు మళ్లీ నా మొగం చూసినాడు.

"పొయ్యి అంటే పొయ్యేదప్పా, ఊరికి," అన్నాడు. "నువ్వు మల్లా నీళ్లు తేవద్దు."

నా చేతిలో అప్పటికే నీళ్ల బాటిల్ ఉంది సార్. దారిలో తాగుతాడు కదా అని తెచ్చినా. మెల్లగా వీపు వెనక దాచుకున్నా.